డి-మార్టు, మన దుకాణములు

గత మాసమున మన వర్తక సోదరులు కొందరు ఒక మహజరును సిద్ధపరచి మా యొద్దకు తెచ్చిరి. షోలాపూరు తూర్పు వాడల సమీపమున మరియొక పెద్ద చౌక ధరల దుకాణము రానున్నదని వినికిడి గలదనియు, దానికి అనుమతి నీయరాదనియు నగరపాలక సంస్థను కోరుచు వ్రాసినది అది. అప్పటికే పెక్కు సంతకములు పడినవి. మేము దానిని రెండు మారులు చదివి, సంతకము చేయకయే తిరిగి యిచ్చితిమి. ఆనాటి నుండి మమ్ము గూర్చి పలువురు పలువిధములుగా అనుకొనుచున్నారు. "ఆయనకేమి, కుమారుడు పూనాలో చదువుచున్నాడు, రేపు దుకాణము మూసినను గడచును" అని ఒకరు మా ముందరనే అనిరి. కావున మా అభిప్రాయమును పత్రికాముఖమున తెలుపుట అవసరమైనది.

మహజరులో "విదేశీ పెట్టుబడిదారుల దోపిడి" యను మాట యున్నది. మన వాడల దాపునకు రాబోవు దుకాణ మెవరిదో మనకు నిశ్చయముగా తెలియదు. కాని మన గిరాకీని ఇప్పటికే తీసికొనిపోవుచున్నదని అందరును వ్రేలు పెట్టి చూపునది డి-మార్టు. అది విదేశీయము కాదు. 2012లో కేంద్ర ప్రభుత్వము చిల్లర వర్తకమున నూటికి 51 వంతుల వరకు విదేశీ పెట్టుబడిని, రాష్ట్రముల సమ్మతికి లోబడి, అనుమతించినపుడు దేశమంతట వర్తకులు దుకాణములు మూసి నిరసన తెలిపిరి. మేమును మూసితిమి. మనము సముద్రము వైపు చూచుచు కావలి కాయుచుండగా వచ్చినవాడు ముంబయి నుండి పూనా బాటను వచ్చెను.

డి-మార్టును నడుపు సంస్థ పేరు అవెన్యూ సూపర్‌మార్ట్స్. స్థాపించినవారు రాధాకిషన్ దమానీ. అంతకు పూర్వమే షేర్ల విపణిలో పేరుపొందిన మదుపరి. మొదటి దుకాణము 2002లో ముంబయిలోని పొవాయిలో తెరచిరి. ఆ పిమ్మట తొందరపడలేదు. ఒక దుకాణము లాభము చూపిన పిదపనే మరియొకటి, అదియును ఉన్న గోదామునకు దగ్గరగా, అను పద్ధతిని నడచిరి. 2017 మార్చి నాటికి 131 దుకాణము లుండగా 2025 మార్చి 31 నాటికి 415 అయినవి. వానిలో నూటికి పైగా మన మహారాష్ట్రముననే యున్నవి. తెలంగాణమున, ఆంధ్రమున, కర్ణాటకమున, తమిళనాట కూడ గలవు గాన ఈ పత్రికను చదువు కుటుంబములలో అధిక భాగము ఆ పచ్చని పేరు పలకను ఎరుగుదురు. 2017 మార్చిలో దాని వాటాలను 299 రూపాయల చొప్పున ప్రజలకు విక్రయించిరి. విపణిలో చేరిన 21వ తేదీన 604 రూపాయలతో ఆరంభమైనది. ఆ దినమున వాటాలు దొరకిన మన వర్తకులు కొందరు పేడాలు పంచుట మేము కన్నులార చూచితిమి. వారిలో ఇద్దరి సంతకములు నేటి మహజరులో నున్నవి.

2024-25 సంవత్సరమున ఆ సంస్థ రాబడి 59 వేల కోట్ల రూపాయలకు మించినది. దుకాణముల సంఖ్యచే భాగింపగా ఒక్కొక్క దానికి దినమునకు సగటున సుమారు 39 లక్షల రూపాయలు వచ్చును. మన వాడలో ఒక మోస్తరు కిరాణా దుకాణమున ఒక సంవత్సరమంతయు అమ్మునది దానికి రెండు దినముల పని. ఇది చదివి అందరును నిట్టూర్చుదురు. కాని అదే సంవత్సరమున పన్నులు పోను మిగిలిన లాభము 2,700 కోట్లు. అనగా నూరు రూపాయల అమ్మకముపై మిగిలినది ఐదు రూపాయలకు లోపు. మన దుకాణములలో నూటికి ఐదు మిగులుటకు ఒప్పుకొను వర్తకు డెవడో చేయి ఎత్తవలెను. మేము ఎత్తము.

వారు చౌకగా ఎట్లు అమ్మగలుగుచున్నారను ప్రశ్నకు మన వారు సామాన్యముగా చెప్పు జవాబు, "పెద్దవాడు, టోకున కొనును" అని. అది సగమే నిజము. మిగిలిన సగము మనకు రుచింపనిది. సరకు నిచ్చినవానికి వారు వారము పది దినములలో సొమ్ము చెల్లింతురు. పంపిణీదారుడు మన గుమ్మమునకు వచ్చినపుడు మన మేమందుము? "రేపు రా", "సోమవారము చూత"మందుము. ముప్పది దినములు, నలుబది దినములు గడపి, అందులో చిరిగిన నోటొకటి కలిపి ఇత్తుము. సొమ్ము త్వరగా చేతికి వచ్చునని తెలిసిన ఉత్పత్తిదారుడు ధర తగ్గించును. రాదని తెలిసినవాడు ఆ ఆలస్యపు వడ్డీని ధరలోనే కలుపును. ఈ లెక్క తెలియుటకు పెద్ద చదువు అక్కరలేదు. మెట్రిక్యులేషనుతో ఆగిన మాకే తెలిసినది, ఆలస్యముగానైనను.

రెండవది స్థలము. దుకాణములకు కావలసిన భవనములను వారు అధికముగా స్వంతముగా కొందురు, లేదా చాల దీర్ఘకాలపు కౌలునకు తీసికొందురు. నడిబజారున అద్దెలకు పోటీపడక ఊరి చివర విస్తారమైన చోటు చూచుకొందురు. సగటున ఒక్కొక్క దుకాణము 40 వేల చదరపు అడుగు లుండును. అందు అలంకారములు లేవు. అమ్మునదియు అన్ని రకములు కాదు; నిత్యము కదలునదే. సరకు సగటున సుమారు నెల దినములలో అమ్ముడుపోవును. మన బల్ల క్రింద నాలుగు సంవత్సరముల నాటి షాంపూ పొట్లములు, ఎలుకలు కొరికిన సేమియా పెట్టెలు ఎన్ని గలవో ఎవరికి వారే చూచుకొనవచ్చును. వారి రాబడిలో సగమునకు పైగా ఆహార పదార్థముల వలన వచ్చునదే. బట్టలు, పాత్రలు మొదలగు సామగ్రి ఐదవ వంతునకు కొంచెము మించును. కాని లాభపు వాసి ఈ రెండవ దానియందే యధికము. పప్పు, నూనెల ధర తగ్గించి జనులను లోనికి పిలిచి, వారు ప్లాస్టికు డబ్బాలు, తువాళ్ళు కూడ బండిలో వేసికొనునట్లు చేయుదురు. చద్దరులకు, తువాళ్ళకు పుట్టినిల్లయిన షోలాపూరు స్త్రీలు తువాలును అచ్చట కొని తెచ్చుకొనుట చూచినపుడు మాకు నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియలేదు.

కడుపు చించుకొన్న కాళ్ళపై బడునందురు. అయినను ఒక మాట చెప్పక తప్పదు. కొన్ని సబ్బులు, బిస్కట్టులు, వంటనూనె పంపిణీదారుడు మాకిచ్చు ధర కంటె డి-మార్టులో వాడుకరికి అమ్ము ధరయే తక్కువగా నుండిన దినములు గలవు. అట్టి దినములలో మేము స్వయముగా సంచి పట్టుకొని పోయి, వరుసలో నిలిచి, అచ్చట కొని తెచ్చి మా దుకాణమున అమ్మితిమి. మేమొక్కరమే కాదు. అచ్చట వరుసలో మా ముందర నిలిచినవాడు మా వీధి వర్తకుడే. ఒకరినొకరు చూచి చూడనట్లుంటిమి. చేతిలో ఆ సంచి పట్టుకొన్నవారము మహజరుపై ఏ మొగముతో సంతకము చేయుదుము?

ఇంతవరకు చెప్పినది వారి ఘనత. ఇకమీద మా కత్యంత ముఖ్యమని తోచిన విషయము.

దమానీగారు పొవాయి దుకాణమునకు పూర్వము 1999లో నవీ ముంబయిలోని నెరూల్‌లో అప్నా బజార్ శాఖ నొకదానిని తమ పెట్టుబడితో నడిపి ఈ వర్తకపు లోతుపాతులు తెలిసికొనిరి. అప్నా బజార్ ఎవరిది? 1948లో ముంబయి నాయ్‌గావ్‌లో మిల్లు కార్మికులు నెలకొల్పుకొన్న వినియోగదారుల సహకార సంఘము. ముంబయి మిల్లులలో పనిచేసిన తెలుగువారెందరో మన కుటుంబములకు తెలియును. ఆ కార్మిక వాడల దుకాణములో పుట్టిన విద్యను షేర్ల విపణి నుండి వచ్చిన మదుపరి శ్రద్ధతో నేర్చుకొనెను. కలసి టోకున కొనుట, వెంటనే చెల్లించుట, స్వల్ప లాభమునకు అమ్ముట; ఇవి ఆయన కనిపెట్టినవి కావు. చెన్నపట్టణమున ట్రిప్లికేన్ సహకార సంఘము 1904లోనే ఆ బాట పట్టినది. విద్య మన వంటివారిది. వాడుకొన్నవాడు మాత్రము వేరొకడు.

సహకారమను మాట వినగానే మన వారు మూతి విరుతురు. కారణము లేకపోలేదు. ఢిల్లీ నడిబొడ్డున 1966లో ప్రభుత్వపు అండతో ఆరంభమైన సూపర్ బజార్ నష్టములలో మునిగి 2002లో మూతపడెను. అదే సంవత్సరమున పొవాయిలో మొదటి డి-మార్టు తెరచుట విచిత్రమైన సంఘటన. కాని ప్రభుత్వము నడిపిన దుకాణము చెడినదని వర్తకులు కలసికొనుటయే చెడ్డదనుట, ఆడలేక మద్దెల ఓడన్నట్లుండును.

మేము ఒకసారి ప్రయత్నించి చెడినవారమే. కొన్ని సంవత్సరముల క్రిందట ఆరుగురము వర్తకులము కలసి కలబురగి మిల్లు నుండి కందిపప్పును, సింధనూరు నుండి సోనామసూరి బియ్యమును లారీల లెక్కన తెప్పించితిమి. దళారీ లేడు, మధ్య గోదాము లేదు. సరకు దిగినచోటనే ఆరు భాగములు చేసికొంటిమి. పప్పుపై కిలోకు నాలుగు రూపాయలు, ఒక్కొక్కప్పుడు ఐదు రూపాయలు కలసివచ్చెను. డి-మార్టు ధరకు అమ్మియు మాకు మిగిలెను. మూడవ లారీ వరకు బాగుగా నడచినది. నాలుగవ దానికి ఒకరు తమ వంతు సొమ్ము తెచ్చుటలో పదునైదు దినములు జాప్యము చేసిరి. మరియొకరు అనుకొన్న ధరకు రెండు రూపాయలు తగ్గించి చాటుగా అమ్మిరి. మిల్లువారి యొద్ద పూచీ నిలిచినది మేము. అప్పు తీర్చుటకు మా ఇంటి బంగారము తాకట్టుపెట్టవలసి వచ్చినది. ఆనాడు మేము కోపమున ఇక ఎవరితోను పొత్తు వలదని అంటిమి. ఇప్పుడు తలచుకొనగా పొత్తు చెడలేదు, మా ఏర్పాటు చెడినది. ముందుగా సొమ్ము తేనివానికి సరకు లేదను నియమ మొక్కటి కాగితముపై పెట్టియుండినచో నేటికి ఆ లారీలు నడచుచుండెడివి. స్నేహముపై ఆధారపడితిమి, స్నేహమును పోయినది.

మరి మనకు బలమే లేదా? ఉన్నది. కాని మనమనుకొనుచున్న చోట లేదు.

మన వాడలలో బీడీలు చుట్టు స్త్రీలకును, మగ్గముల కార్మికులకును కూలి వారమునకు వచ్చును. బియ్యము ప్రతిదినమును కావలెను. ఈ నడిమి ఆరు దినములను మోయునది మన ఉద్దెర ఖాతా. ఏ పెద్ద దుకాణమును దానిని మోయదు. 2020 మార్చిలో దేశమంతయు మూతపడి, బీడీ కార్ఖానాలలో ఆకు పంచుట ఆగినపుడు, మా ఖాతా పుస్తకములు రెండు నిండి మూడవది తెరవవలసి వచ్చెను. ఎవరెవరి ఇంటిలో ఎందరున్నారో, ఎవరికి పాలడబ్బా కావలెనో అడుగనక్కరలేక మాకు తెలియును. ఆ ఖాతాలలో కొన్ని నేటికిని తీరలేదు. ఆ పుటలను మేము చింపలేదు, అడుగుటయు మానితిమి. ఇది గొప్పకు చెప్పుట కాదు. మన వాడలో అట్టి పుస్తకము లేని దుకాణదారుడు లేడు.

కాని కుటుంబములవారికి కూడ ఒక మాట. జీతము వచ్చిన మొదటి ఆదివారమున రొక్కముతో ఆటో కట్టించుకొని పెద్ద దుకాణమునకు పోవుట, ఇరువదవ తేదీ తరువాత ఉద్దెరకు మన గుమ్మమెక్కుట న్యాయమా యని మీ మనస్సును అడుగుడు. మీరు చౌకగా కొనుటను మేము తప్పుపట్టము. నెలకు నాలుగు వందలు మిగిలినచో అది పిల్లవాని పుస్తకములకు వచ్చును, ఆ సంగతి మాకు తెలియును. పాత ఖాతా నుంచుకొని ఆ రొక్కమును మాత్రము అచ్చటకు తీసికొనిపోవలదని మా ప్రార్థన. ముందు ఖాతా తీర్చి, పిదప మీ ఇష్టము వచ్చిన చోట కొనుడు.

భాషను గూర్చి మహజరులో ఒక పేరా గలదు. తెలుగు దుకాణములు పోయిన తెలుగు పోవునని అందు వ్రాసిరి. ఇందు కొంత సత్యమున్నది. మన పిల్లలు బడిలో మరాఠీని, ఇంగ్లీషును చదువుదురు. ఇంటి వెలుపల తెలుగు వినబడు చోటులు కొన్నియే, అందు కిరాణా దుకాణ మొకటి. చింతపండని, ఇంగువయని, కొసరు వేయుమని బిడ్డ నోట పలికించునది మన తరాజు ముందరి నిలుకడయే. పెద్ద దుకాణమున కొసరు లేదు, అడుగు మాటయు లేదు. బండి త్రోసికొనుచు మౌనముగా పోవుటయే. అయినను "మేము తెలుగువారము గనుక మా యొద్ద పది రూపాయలెక్కువకు కొనుడు" అనుటకు మనకు హక్కు లేదు. భాషను తూకములో వేయరాదు.

మరియొకటి, మహజరు వ్రాసినవారు మరచినది. మన వాడల యువతీయువకులు కొందరు ఆ పెద్ద దుకాణములలోనే జీతమునకు కుదిరియున్నారు. వారిలో ఒక అమ్మాయిని మేము అడిగితిమి. "అక్కడ పి.ఎఫ్. కోస్తరు, ఈ.ఎస్.ఐ. కార్డు ఇచ్చిన్రు, కాకా. మన దుకాణాలల్ల ఎవలిస్తరు?" అనెను. మా దుకాణమున తొమ్మిదేండ్లుగా పనిచేయుచున్న కుర్రవానికి అట్టి కార్డు లేదు. ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదు. ఇప్పుడు అతనికి ఏమి చేయవచ్చునో లెక్కల గుమాస్తాతో మాటలాడుచున్నాము.

డి-మార్టునకును నిశ్చింత లేదు. పది నిమిషములలో ఇంటికి సరకు తెచ్చు సంస్థలు మహానగరములలో తమ పెద్ద దుకాణముల అమ్మకమును తాకుచున్నవని 2024 అక్టోబరులో ఆ సంస్థ అధికారులే ఒప్పుకొనిరి. ఆ పిమ్మట విపణి తెరచినపుడు వాటా ధర గట్టిగా పడెను. అనగా దగ్గరితనమునకును, త్వరగా అందించుటకును ఇప్పుడు కోట్ల రూపాయలు పెట్టుచున్నారు. ఆ దగ్గరితనము మన గుమ్మములకు తాతల నాటి నుండి ఉన్నది. అమ్మగారు పొయ్యిపై పోపు పెట్టి, ఆవాలు లేవని పిల్లవానిని పంపినచో వాడు తిరిగి వచ్చుటకు రెండు నిమిషములు పట్టును. దానికి మనము ధర కట్టలేదు. ఇకనైనను, కందిపప్పు ధరను సరిచేసికొన్నచో, ఆ దగ్గరితనమే మనలను నిలుపునని మా నమ్మకము.

మేము మహజరుపై సంతకము చేయని కారణ మిది. నగరపాలక సంస్థ ఆ దుకాణమునకు అనుమతి నిరాకరించినచో మరియొకటి మరుసటి యేడు వచ్చును. దానిని ఆపవచ్చుననుకొని కూర్చున్న ఆ ఒక్క యేడును మన చేతి నుండి జారిపోవును. సంతకము చేసిన మిత్రులపై మాకు కోపము లేదు. వారు చేసినది భయమున చేసినది, ఆ భయము మాకును గలదు.

వచ్చు ఆదివారము సాయంకాలము ఐదు గంటలకు సంఘ కార్యాలయమున ఉమ్మడి కొనుగోలును గూర్చి కూర్చుందుము. మొదట కందిపప్పు, బియ్యము, శనగనూనె ఈ మూడింటికే. వచ్చు వర్తకులు గడచిన మూడు మాసములలో ఈ మూడు సరకులను ఎంత, ఏ ధరకు కొనిరో ఆ చిట్టాలు వెంట తెచ్చుకొనవలెను. నోటిమాట లెక్కలు వలదు. మొదటి లారీకి తమ వంతు సొమ్మును ముందుగా సంఘపు బ్యాంకు ఖాతాలో కట్టినవారి పేర్లే వ్రాయుదుము. పూచీ ఎవరును నిలువరు, మేమును నిలువము. పదిమంది వచ్చినచో లారీ పిలిపింతుము. నలుగురే వచ్చినచో చిన్న టెంపో చాలును. మహజరు తెచ్చిన మిత్రులు తప్పక రావలెను. టీ మా యింటి నుండి వచ్చును.